పెద్దల చెవికి వైద్యం దండగ కాదు

"ఈ వయసులో ఆపరేషన్లెందుకండీ? ఉన్న నాలుగు రోజులూ ఎలాగో గడిచిపోతాయి." చెవులు పూర్తిగా పోయిన పెద్దమనిషి గురించి ఇంట్లోవాళ్లు ఈ మాట అంటారు, చుట్టాలు అంటారు, చెవి డాక్టర్లలోనూ కొందరు అంటారు. ఎవరూ చెడు కోరి అనరు. కానీ ఈ మాట వెనక గట్టిపడిపోయిన నమ్మకం ఒకటుంది. చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ అంటే పుట్టుచెవుడు ఉన్న పసిపిల్లలకు పెట్టేది. పెద్దవాళ్లకు పెడితే ఏదో శబ్దం వినిపిస్తుంది తప్ప మాట తెలియదు. లక్షలు పోసి చేయించడం బూడిదలో పోసిన పన్నీరు. ఈ నమ్మకం మొదలంటా తప్పు. ఉత్త తప్పే అయితే ఊరుకోవచ్చు. మన ఊళ్లలో ఎంతోమందిని బతికుండగానే మాటకు దూరం చేసి అరుగు మీద ఒంటరిగా కూర్చోబెడుతున్నది ఇదే. కాబట్టి ఊరుకోకూడదు.

మాది సబ్బవరం. పెందుర్తికీ అనకాపల్లికీ నడుమ, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న మండల కేంద్రం. లా యూనివర్సిటీ వచ్చాక, అనకాపల్లి–ఆనందపురం రోడ్డు వెడల్పయ్యాక బయటివాళ్లకు ఈ పేరు తెలిసింది. అంతకు చాలా ముందునుంచే ఇక్కడి మగవాళ్లు షిఫ్టు బస్సులెక్కి స్టీల్‌ప్లాంటుకు, షిప్‌యార్డుకు, పోర్టుకు, తర్వాతి రోజుల్లో పరవాడ ఫార్మాసిటీకి వెళ్లి వచ్చేవాళ్లు. వెళ్లనివాళ్లలో కొందరు చుట్టుపక్కల రాతి క్వారీల్లో, క్రషర్లలో చేసేవాళ్లు. మోత మధ్య బతికిన ప్రాంతం ఇది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో, అధికారులకు తెలియజేసి తీరాల్సిన వృత్తివ్యాధుల జాబితాలో, మోత వల్ల వచ్చే చెవుడును కూడా చేర్చారు. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ దాటకూడదన్నది మన దగ్గర నిబంధన. చాలా దేశాలు 85 దగ్గరే గీత గీశాయి. ఈ చెవుడుకి నొప్పి ఉండదు, రక్తం కారదు, ఒక్కరోజులో రాదు. ముందుగా 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే పైస్థాయి శబ్దాలు పోతాయి. పోయాయని ఆ మనిషికే ఏళ్ల తరబడి తెలియదు.

ఒక్క మోతతోనే ఇంప్లాంట్ దాకా వెళ్లేవాళ్లు తక్కువ, ఆ సంగతి దాచను. దానికి వయసు కలుస్తుంది. చిన్ననాటి నుంచి చీము కారే చెవి, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు), తలకు తగిలిన దెబ్బ, చెవికి చేటు చేసే మందులు కలుస్తాయి. మొండి క్షయకు మొన్నమొన్నటిదాకా నెలల తరబడి వేసిన కనామైసిన్ సూది ప్రాణం నిలబెట్టేది, కొందరిలో చెవిని తీసుకుపోయేది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ సూదిని ఇక వాడొద్దని చెప్పింది. ఆ లోపు పోయిన చెవులు పోయినట్టే ఉన్నాయి.

ఇక వాదనలోకి వస్తాను. అన్నిటికన్నా ముందు వినబడేది "కాస్త గట్టిగా మాట్లాడితే చాలు కదా" అన్న మాట. సబ్బవరం జంక్షన్‌లో టీకొట్టు దగ్గర కాసేపు నిలబడండి. వినికిడి తగ్గిన పెద్దాయన ఎవరైనా ఉంటే, ఎదుటివాడు అరుస్తుంటాడు, ఈయన మొహం చిట్లిస్తుంటాడు. "అరవకు బావూ, ఇనబడతంది. ఏటన్నావో తెలవట్లేదు" అంటాడు. ఇందులో ఉన్న నిజం మనం పట్టించుకోం. మాటలో బలం అచ్చుల్లో ఉంటుంది, భావం హల్లుల్లో ఉంటుంది. ఆ, ఓ, ఊ లాంటివి కిందిస్థాయి శబ్దాలు, బరువుగా ఉంటాయి, చెవుడు వచ్చినా చాలాకాలం వినిపిస్తాయి. స, శ, చ, త, క లాంటివి తేలికైనవి, పైస్థాయివి, అవే ముందు పోతాయి. "పాట" అన్నా "మాట" అన్నా "తాత" అన్నా ఆయన చెవిలో పడేది ఆ–అ మాత్రమే. మనం గొంతు పెంచితే అచ్చులు ఇంకా పెరుగుతాయి, హల్లులు వాటి కింద ఇంకా కూరుకుపోతాయి. పైగా దెబ్బతిన్న లోపలి చెవికి మెల్లటి శబ్దం అందదు, గట్టి శబ్దం భరించరానిదవుతుంది. అరవడం వల్ల మాట చేరదు, తలనొప్పి చేరుతుంది.

చెవి మిషన్ సంగతీ కొంతవరకు ఇంతే. మిషన్‌ను నేను తక్కువ చేయను. లోపలి చెవిలో పనిచేసే కణాలు తగినన్ని మిగిలి ఉంటే, మంచి మిషన్‌ను సరిగ్గా అమర్చితే బతుకు మారిపోతుంది; ఎక్కువమందికి కావలసింది అదే. కానీ మిషన్ చేసేది శబ్దాన్ని పెంచడం. నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియాలో, శబ్దపు కదలికను నాడికి అందే సంకేతంగా మార్చే లోపలి రోమకణాలు ఒక్కో చెవికి 3,500 వరకు ఉంటాయి. అవి చచ్చిపోతే మళ్లీ మొలవవు. అవి లేనిచోటికి ఎంత పెద్ద శబ్దం పంపినా అందుకునే నాథుడు లేడు. అయినా మన పెద్దవాళ్ల బీరువాల్లో ఒకటి తర్వాత ఒకటిగా కొన్న మిషన్లు పడి ఉంటాయి. "ఇది పనిచెయ్యదు, ఇంకా పెద్దది కొనాలి" అంటూ ప్రతిసారీ డబ్బు పోస్తారు. పనికిరాదని తేలిన దారిలో పోసే ఆ డబ్బును ఎవరూ దండగ అనరు. ఇంప్లాంట్ మాట ఎత్తగానే దండగ గుర్తొస్తుంది.

ఇంప్లాంట్ ఆ చచ్చిన కణాలను దాటిపోతుంది. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ మాటను పట్టి, స్థాయిల వారీగా విడదీసి, చర్మం మీదుగా లోపలి పరికరానికి పంపుతుంది. కాక్లియాలోకి దూర్చిన సన్నటి తీగ మీద ఎలక్ట్రోడ్లు వరసగా ఉంటాయి, తయారీని బట్టి 12 నుంచి 22 దాకా. అవి శ్రవణనాడిని నేరుగా విద్యుత్తుతో తాకుతాయి. ఆ నాడిలో 30,000 దాకా పోగులు ఉంటాయి. అంతటి నాడికి ఇరవై రెండు చోట్ల నుంచి సమాచారం అందిస్తే మాట ఎలా తెలుస్తుందని మొదట్లో పెద్దపెద్ద శాస్త్రవేత్తలే నమ్మలేదు. 1991లో బ్లేక్ విల్సన్ బృందం నేచర్ పత్రికలో ప్రకటించిన పద్ధతిలో, ఎలక్ట్రోడ్లన్నీ ఒక్కసారే మోగకుండా వెంటవెంటనే వంతులవారీగా మోగేలా చేశాక, పెదాలు చూడకుండానే మాట పట్టుకోగలిగినవాళ్ల సంఖ్య బాగా పెరిగింది. మిగతా పనిని మెదడు చేస్తుంది.

"పెద్దవాళ్లకు పనికిరాదు" అనేవాళ్ల వాదన బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. ఈ పరికరం పుట్టిందే పెద్దవాళ్ల కోసం. ఆస్ట్రేలియా డాక్టర్ గ్రేమ్ క్లార్క్ వాళ్ల నాన్న ఒక చిన్న ఊళ్లో మందులషాపు నడిపేవాడు, ఆయనకు చెవుడు. షాపుకొచ్చినవాళ్లు తమకు ఏ మందు కావాలో, ఏ ఇబ్బంది ఉందో నలుగురిలో గట్టిగా అరిచి చెప్పుకోవాల్సి వచ్చేది. అది చూస్తూ పెరిగిన కొడుకు చెవి వైద్యంలోకి వెళ్లాడు. 1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో ఆయన ఇంప్లాంట్ పెట్టిన మొదటి మనిషి రాడ్ సాండర్స్, కారు ప్రమాదంలో వినికిడి పోయిన నడివయసు మనిషి. పరికరాన్ని పరీక్షిస్తూ జాతీయగీతం వినిపించినప్పుడు సాండర్స్ లేచి నిటారుగా నిలబడ్డాడని క్లార్క్ చెప్పుకున్నాడు. అంతకు ముందు ఏడాది, 1977 డిసెంబరులో, వియన్నాలో హోఖ్‌మైర్ దంపతులు తయారుచేసిన పరికరం పెట్టిందీ పెద్దలకే. అమెరికా ప్రభుత్వం 1984లో, 1985లో ఇచ్చిన మొదటి అనుమతులు పెద్దల కోసం. రెండేళ్లు దాటిన పిల్లలకు అనుమతి వచ్చింది 1990లో. ముందు పెద్దవాళ్లలో మాట అర్థమవుతుందని రుజువయ్యాకే పిల్లల దాకా వెళ్లారు. మన దగ్గర చరిత్ర తలకిందులైంది. ఇక్కడ సామాన్యుల దాకా ఇంప్లాంట్ వచ్చింది ప్రభుత్వ పథకాల ద్వారా, ఆ పథకాలు పిల్లలకు పరిమితం కాబట్టి "ఇది పిల్లల వైద్యం" అని అందరం స్థిరం చేసుకున్నాం. పథకంలో ఉన్న వయసు నిబంధనను వైద్యశాస్త్రపు నియమం అనుకున్నాం.

"పెద్దవాళ్ల మెదడు కొత్తది నేర్చుకోదు" అంటారు. పుట్టుకతో చెవుడుండి ఇరవై, ముప్పై ఏళ్లు మాట వినకుండా పెరిగిన మనిషి విషయంలో ఈ మాటలో చాలా నిజం ఉంది. అలాంటివారికి ఇంప్లాంట్ పెట్టినా మాట అర్థం కావడం కష్టం, డాక్టర్లు ముందే చెప్పాలి. వాళ్లలో చాలామందికి సైగల భాష సొంత భాష, అది సంపూర్ణమైన భాష, దానికి బడుల్లో, ఆఫీసుల్లో చోటు కావాలి. వాళ్ల మీద ఆపరేషన్ రుద్దమని నేను అనను. కానీ నలభయ్యో యాభయ్యో ఏళ్లు తెలుగు విని, మాట్లాడి, సంతలో బేరాలాడి, పెళ్లిళ్లలో పాటలు పాడి, ఆ తర్వాత చెవి పోగొట్టుకున్న మనిషి వేరు. ఆయన మెదడులో తెలుగు మొత్తం ఉంది. వాక్యం సగం విన్నా మిగతా సగం పూరించుకోగలడు. పసిపిల్ల ఇంప్లాంట్‌తో భాషను మొదటినుంచి కట్టుకోవాలి. ఈయన చేయాల్సిందల్లా కొత్తగా వస్తున్న సంకేతాన్ని తనకు తెలిసిన భాషతో కలుపుకోవడం. ఇద్దరిలో ఆయన పనే సులువు.

మా బావ సంగతి చెప్తాను. కుర్రతనం నుంచి క్రషర్ దగ్గర మిషన్ మీద పనిచేశాడు. చెవులు అప్పటికే సగం పోయాయి. తర్వాత క్షయ వచ్చి తగ్గకపోతే సూదుల వైద్యం జరిగింది, బతికాడు, మిగిలిన సగమూ పోయింది. అంతకు ముందు నలుగురినీ నవ్వించే మనిషి. ఆ తర్వాత ఎవరేం అడిగినా "ఆఁ, ఆఁ" అని తలూపేవాడు. బజారుకెళ్తే ఎంతయిందో అడక్కుండా పెద్దనోటు ఇచ్చేసి చిల్లర తెచ్చుకునేవాడు. పెళ్లికి పిలిస్తే ఒంట్లో బాగోలేదనేవాడు. మా అప్ప (అక్క) ఒకనాడు వంటింట్లో నాతో అంది: "మీ బావ నాతోటి మాటాడ్డం మానేసి ఎన్నాళ్లయిందో నాకే తెలీదురా. నీళ్లెట్టమంటాడు, అన్నమెట్టమంటాడు, అంతే." ఇంప్లాంట్ గురించి అడిగితే ఒక ఆస్పత్రిలో మీరు విన్న మాటే చెప్పారు, ఈ వయసులో దేనికని. ఆయనకప్పుడు అరవై కూడా నిండలేదు. చివరికి రోడ్డు పక్కన జాగా ఒకటి ఉంటే అమ్మి, వేరే ఆస్పత్రిలో చేయించారు.

కోత మానాక, కొన్ని వారాలకు ప్రాసెసర్ ఆన్ చేసినరోజు ఆయనకు సంతోషం కలగలేదు. రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుందన్నాడు. మా అప్ప గొంతూ, మనవడి గొంతూ, ఆడియాలజిస్టు గొంతూ ఒక్కలాగే ఉన్నాయన్నాడు. ఇలా ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి తీసి పారేయలేదు. చెప్పనిచోట తీసి పారేస్తారు, "చూశారా, మేం అనలేదా" అని చుట్టాలు అంటారు, దండగ అన్న నమ్మకానికి మరో సాక్ష్యం దొరుకుతుంది. మా అప్ప పట్టు వదల్లేదు. పొద్దున్నే పేపరు గట్టిగా చదివేది, ఆయన వేలితో అక్షరాల వెంట వచ్చేవాడు. తర్వాత పేపరు మూసి, ఆయన వెనక నిలబడి మా మండలంలో ఊళ్ల పేర్లు చెప్పేది. వంగలి, అమృతపురం తొందరగా పట్టాడు. మొగలిపురం ఆలస్యంగా వచ్చింది. గుల్లేపల్లి అంటే అసకపల్లి అనేవాడు, అసకపల్లి అంటే గుల్లేపల్లి అనేవాడు, ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఆ ఇంట్లో నవ్వు విని చాలాకాలమైంది. మధ్యమధ్య మ్యాపింగ్‌కు వెళ్లి ఒక్కో ఎలక్ట్రోడ్‌కు బలం సరిచేయించుకునేవాళ్లు. నెలలు గడిచాక ఆ రెండు ఊళ్లూ విడిపోయాయి. ఇప్పుడు ఫోన్‌లో కూతురితో మాట్లాడతాడు. కొత్తవాళ్ల ఫోన్ అయితే అప్పకు ఇచ్చేస్తాడు. డీజే మోగే పెళ్లిపందిట్లో ఏమీ తెలియదు. పాటలు పాటల్లా లేవంటాడు, ఆ బాధ ఉంది. కానీ సాయంత్రం అరుగు మీద నలుగురు కూర్చుంటే వాళ్లలో ఒకడిగా కూర్చుంటాడు, అడిగినదానికి జవాబు చెప్తాడు, ఎదురు అడుగుతాడు.

ఒక్క మా బావతో రుజువైపోయిందని అనను. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు అరవై ఏళ్లు, ఆపైన వయసులో ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లను పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో వాక్యాలు విని తిరిగి చెప్పే పరీక్షలో, ఏడాది దాటేసరికి వాళ్ల మార్కులు సగటున వందకు 60 పెరిగాయి. వాక్యాలు పట్టుకోలేక అయోమయంలో ఉన్న మనిషి సంభాషణలోకి వచ్చేశాడని దాని అర్థం. ఆ పరిశీలనలోనే ఇంకో సంగతి తేలింది. వాళ్లలోనే తక్కువ వయసులో, వినికిడి ఇంకా కొంత మిగిలి ఉండగా పెట్టించుకున్నవాళ్లు ఎక్కువ మార్కుల దగ్గరికి చేరారు. 2020లో అనేక దేశాల నిపుణులు కలిసి, దొరికిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, పెద్దల ఇంప్లాంట్ గురించి 20 అంశాలపై ఏకాభిప్రాయానికి వచ్చారు. వయసు ఒక్కటే కారణంగా ఎవరికీ ఇంప్లాంట్ నిరాకరించకూడదన్నది వాటిలో ఒకటి. ఫలితాన్ని నిర్ణయించే పెద్ద విషయాల్లో ఒకటి, చెవుడు వచ్చి ఎన్నేళ్లు ఊరుకున్నాం అన్నది. శబ్దం అందని నాడి, మెదడులో దాని స్థానం ఏళ్లు గడిచేకొద్దీ మొద్దుబారుతాయి. మెనింజైటిస్ వల్ల చెవి పోతే తొందర ఇంకా ఎక్కువ. కాక్లియా లోపల ఎముక పేరుకుంటుంది, కొన్ని వారాల్లో, నెలల్లో తీగ దూర్చే దారే మూసుకుపోవచ్చు. "కొన్నాళ్లు చూద్దాం" అన్న సలహా ఇంప్లాంట్‌కు తలుపులు మూసేస్తుంది. ఆ తర్వాత ఫలితం తక్కువగా వస్తే వయసు మీద నెట్టేస్తాం.

చెవుడుకీ మతిమరుపుకీ ఉన్న సంబంధం గురించి కూడా ఒక మాట. లాన్సెట్ పత్రిక కమిషన్ 2024లో డిమెన్షియాకు దారితీసే, మనం మార్చగల 14 కారణాలు చెబుతూ వినికిడి లోపాన్ని వాటిలో పెట్టింది. ఫ్రాన్స్‌లో 65 నుంచి 85 ఏళ్ల మధ్య వయసువాళ్లు 94 మందికి ఇంప్లాంట్లు పెట్టి పరిశీలిస్తే, అంతకు ముందు జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గినవాళ్లలో ఎక్కువమంది ఏడాదిలో మెరుగయ్యారని 2015లో రాశారు. పోల్చడానికి ఇంప్లాంట్ లేని జట్టు అందులో లేదు కాబట్టి దాన్ని తిరుగులేని రుజువుగా వాడను. ఇంప్లాంట్ పెడితే మతిమరుపు రాదని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. మాట అర్థం కావడం దానంతట అదే చాలినంత లాభం, ఇంకో లాభం తోడు తెచ్చుకోనక్కర్లేదు.

ఆపరేషన్ అంటే భయం ఉంటుంది, ఉండాలి. మత్తు ఇచ్చి రెండు మూడు గంటలు చేస్తారు. కొందరికి కొన్నాళ్లు తల తిరుగుతుంది, నాలుకకు రుచి మారుతుంది. ముఖనాడికి దెబ్బ తగలడం అరుదు గానీ తగలొచ్చు. మిగిలి ఉన్న కాస్త సహజ వినికిడి పోవచ్చు. న్యుమోకోకల్ టీకా వేయించుకోవాలి. ఇవన్నీ డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయాలు. డెబ్బై ఏళ్ల మనిషికి మోకాలు మార్చేటప్పుడు, గుండెకు స్టెంట్ వేసేటప్పుడు మాట్లాడుకున్నట్టే మాట్లాడుకోవచ్చు. మోకాలి ఆపరేషన్‌కు ఎవరూ "ఈ వయసులో నడవడం దేనికి" అనరు. చెవి విషయంలో మాత్రం అంటాం. వినబడని ముసలితనం మన సినిమాల్లో, నాటకాల్లో హాస్యం. ఇంట్లో చెవిటి తాత ఒక మాట అడిగితే ఇంకో మాట చెప్పాడని పిల్లలు నవ్వుతారు, పెద్దవాళ్లూ నవ్వుతారు. ఆ నవ్వు భరించలేకే చాలామంది అడగడమే మానేస్తారు.

ఇక అన్నిటికన్నా బలమైన వాదన డబ్బు. ఇంప్లాంట్ అంటే లక్షల ఖర్చు, పరికరాన్ని బట్టి ఆరేడు లక్షల నుంచి ఇంకా పైకి. సర్కారు దగ్గర డబ్బు పరిమితం, ఉన్నది పిల్లలకు పెట్టాలి అంటారు. పిల్లలకు ముందు పెట్టాలి, అందులో నాకు వాదన లేదు. మాట నేర్చే వయసు దాటితే ఆ పిల్లకు మళ్లీ రాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం అప్పట్లో ఆరేళ్లలోపు పిల్లలకు, స్పీచ్ థెరపీతో కలిపి, ఒక్కొక్కరికి ఆరున్నర లక్షల దాకా భరించడం ఈ రాష్ట్రం గర్వించాల్సిన పని. దివ్యాంగులకు సహాయ పరికరాలిచ్చే ఏడీఐపీ పథకాన్ని కేంద్రం 2014లో సవరించి ఇంప్లాంట్‌కు ఆరు లక్షలు ఇచ్చింది: పుట్టుచెవుడు ఉంటే ఐదేళ్లలోపు, తర్వాత వచ్చిన చెవుడు అయితే పద్దెనిమిదేళ్లలోపు. ఆ రెండో ముక్క మళ్లీ చదవండి. మాట వచ్చాక చెవి పోగొట్టుకున్నవాళ్లకు ఇంప్లాంట్ పనికొస్తుందని ఆ పథకమే ఒప్పుకుంటోంది. పదిహేడేళ్ల కుర్రాడికి పనికొచ్చేది పందొమ్మిదేళ్లవాడికి పనికిరాకుండా ఎలా పోతుంది? నలభై ఐదేళ్ల డ్రైవర్‌కు, ఇద్దరు పిల్లలున్న ముప్పై ఏళ్ల తల్లికి? పిల్లలు ముందు, పెద్దలు తర్వాత అంటే అది వరస. పెద్దలకు వరసలో చోటే లేకపోతే అది వెలి.

లెక్క కూడా చూద్దాం. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. యాభై ఏళ్లవాడికి వినికిడి పూర్తిగా పోయి, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ వస్తే, పదేళ్లలో అతనికి ముట్టేది 7,20,000. ఇంచుమించు ఒక ఇంప్లాంట్ ఖర్చు. పింఛను ఆపమని నేను చచ్చినా అనను. ఇంప్లాంట్ పెట్టినవాడికీ ప్రాసెసర్ తీస్తే చెవుడే, ఖర్చులు ఇంకా ఎక్కువే. నేను అడిగేది ఇంతే. చెవుడుతో బతకడానికి పదేళ్లు డబ్బు ఇవ్వగలిగిన సర్కారు, మాట వినడానికి ఒక్కసారి ఇవ్వలేదా? సదరంలో చెవుడు శాతం తేలుస్తారు. శాతం తేలిన పెద్దల్లో ఎవరికి ఇంప్లాంట్ ఉపయోగపడుతుందో అక్కడే గుర్తించి పంపే ఏర్పాటు ఉండాలి. ఈ చెవుడులో కొంత వాటా పరిశ్రమలది, మోత మీద నిఘా ఉంచాల్సిన యంత్రాంగానిది, ప్రాణం కాపాడటానికి వేసిన సూదిది. ఒళ్లు అరగదీసి స్టీలు, ఓడలు, కంకర తీసిచ్చిన మనుషులకు వయసు దాటిందని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

విశాఖ విషయంలో ఈ బాధ రెట్టింపు. ఈ నగరంలోనే ఉన్న డీఆర్‌డీఓ వారి ఎన్‌ఎస్‌టీఎల్, టార్పెడోలు రూపొందించే లాబొరేటరీ, అబ్దుల్ కలాం ప్రోత్సాహంతో దేశీ కాక్లియర్ ఇంప్లాంట్ తయారీకి పూనుకుంది. నీటి అడుగున శబ్దాన్ని పసిగట్టే విద్య తెలిసినవాళ్లు, చెవి లోపలి శబ్దం మీద పనిచేశారు. దిగుమతి పరికరం ధరలో చిన్న భాగానికే ఇవ్వాలన్నది లక్ష్యం. ఇవాళ్టికీ మన ఆస్పత్రుల్లో అమరుస్తున్నవి ఎక్కువగా ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, అమెరికా కంపెనీలవే. వాటి ప్రాసెసర్ పాడైతే, కేబుల్ తెగితే, విదేశీ ధరకు కొనాలి. మా బావ ప్రాసెసర్‌ను వర్షంలో తీసి జేబులో పెట్టుకుంటాడు, చెవి లేకపోయినా పర్లేదు గానీ అది తడవకూడదని. పక్కనే మెడ్‌టెక్ జోన్ ఉంది, వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలు ఉన్నాయి. ధర ఎక్కువ కాబట్టి పెద్దలకు ఇవ్వలేమనేవాళ్లు, ధర తగ్గించే పనిని ఇదే నగరంలో చివరిదాకా తీసుకెళ్లమని కూడా గట్టిగా అడగాలి. రెండోది అడగకుండా మొదటిది మాత్రం అంటే నేను ఒప్పుకోను.

కావలసినవి పెద్ద కోరికలేమీ కావు. ఏడీఐపీలో పద్దెనిమిదేళ్ల గీత, రాష్ట్ర ఆరోగ్య పథకంలో పిల్లల వయసు గీత మాట వచ్చాక చెవి పోయినవాళ్లకు వర్తించకూడదు. మెనింజైటిస్‌తో చెవి పోయిన పెద్దలకు వెంటనే మంజూరు చేసే వీలుండాలి. ఆపరేషన్ ఖర్చుతో పాటు మ్యాపింగ్‌కూ, మాట సాధనకూ, కొన్నేళ్లకు మార్చాల్సిన ప్రాసెసర్‌కూ డబ్బు లెక్కలో ఉండాలి. అది లేకపోతే లోపల పెట్టిన పరికరం ఉత్తదే. మ్యాపింగ్ కోసం పాడేరు నుంచి, చోడవరం నుంచి మనుషులు ప్రతిసారీ దూరాలు పోకుండా వాల్తేరులోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రిలో ఆ సౌకర్యం పెద్దలకూ అందాలి.

ఈ లోపు ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. మీ నాన్నగారినో అత్తగారినో చెవి పరీక్షకు తీసుకెళ్తే బీప్ శబ్దం విని చెయ్యెత్తే పరీక్షతో సరిపెట్టుకుని రాకండి. ఆ పరీక్ష శబ్దం అందుతోందో లేదో చెప్తుంది, మాట అర్థమవుతోందో లేదో చెప్పదు. సౌండ్ ప్రూఫ్ గదిలో, మిషన్ లేకుండా ఒకసారి, పెట్టుకుని ఒకసారి, పెదాలు కనబడకుండా తెలుగు మాటలు వినిపించి తిరిగి చెప్పించే పరీక్ష చేయమని అడగండి. ఎన్ని మాటలు సరిగ్గా చెప్పారో వందకు మార్కులు వేసి రిపోర్టులో రాయమనండి. మెరుగైన చెవిలో లోపం 60 డెసిబెల్స్ దాటి, మిషన్ లేకుండా విన్న మాటల్లో మార్కులు 60 కంటే తగ్గితే ఇంప్లాంట్ కోసం పరీక్షించాలన్నది ఇప్పుడు చాలాచోట్ల వైద్యులు పాటిస్తున్న కొలత. ఆ కాగితంలో వయసు కోసం గడి ఉంటుంది. దాన్ని చూసి కాదన్న డాక్టరును, మాటల మార్కుల గడి చూపించి కారణం అడగండి.